కామెడీ రాక్ ఆల్బమ్ చేయాలంటే: ఒక పర్లాకిమిడి మైక్‌సెట్ వాడి పద్ధతి

కామెడీ రాక్ ఆల్బమ్ చేస్తామని వచ్చే కుర్రాళ్ళంతా ముందు గిటారు గురించే అడుగుతారు. ఏ పెడల్ కొనాలి, డిస్టార్షన్ (గిటారు మోతలో గరగర) ఎంత పెట్టాలి అని. నేను ఎదురు ఒకటే అడుగుతాను: పాటలో నవ్వు ఏ మాట దగ్గర వస్తుంది? ఆ మాట ఆటోలో వెళ్తున్నవాడికి కూడా మొదటిసారే వినపడుతుందా? దీనికి జవాబు ఉంటే మిగతా పని అంతా వైర్లు, ఓపిక. జవాబు లేకపోతే ఎంత పెడల్ కొన్నా దండగే.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు పోయింది, చుట్టాలు ఇటు పాతపట్నంలో ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కోపం వస్తే రెండూ. నాన్న నాటి నుంచి మాకు మైక్‌సెట్ వ్యాపారం. పెళ్ళిళ్ళు, బుర్రకథలు, ఎన్నికల సభలు అన్నీ చూసిన బాక్సులు మావి. మా బావ పాడతాడు, మా పిన్ని కొడుకు డ్రమ్ములు, ఒడియా మిత్రుడు ఒకాయన బేసు. మేము ఆయన్ని భాయి అంటాం. మా ఆల్బమ్ ఈ సెట్టుతోనే, మా పాత ఇంటి హాల్లో తయారైంది. అలా చేయడానికి ఏం కావాలో చెప్తాను.

పాటలు ఏరడం

ఎనిమిది పాటలు, ముప్పై నిమిషాలు చాలు. మామూలు రాక్ ఆల్బమ్ ముప్పావు గంట ఉన్నా జనం పని చేసుకుంటూ వినేస్తారు. నవ్వు పాటకి చెవి ఒగ్గి వినాలి, అలా వినే చెవి తొందరగా అలిసిపోతుంది.

స్టేజీ మీద పేలిన పాటల్లో సగం రికార్డులో పేలవు. మా బావ స్టేజీ ఎక్కి కనుబొమ్మ ఎగరేస్తే చాలు, ముందు వరస పడిపోతుంది. ఆడియోలో కనుబొమ్మలు ఉండవు. అందుకని ఒక పరీక్ష పెట్టుకోండి. వాయిద్యాలేమీ లేకుండా ఒట్టి గొంతుతో పాటను ఫోన్‌లో రికార్డు చేసి, ఆ పాట తెలియని వాళ్ళకి వినిపించండి. వినేటప్పుడు మీరు గదిలో ఉండొద్దు. ఉంటే మొహమాటానికి నవ్వుతారు. గోడ అవతలి నుంచి నవ్వు వినపడితే పాట పాసైనట్టు. వారం తర్వాత అదే మనిషికి మళ్ళీ వినిపించండి. ఈసారి నవ్వడు, జోకు తెలిసిపోయింది కదా. కానీ కూనిరాగం తీస్తూ లేచాడంటే ఆ పాట ఆల్బమ్‌లో ఉండాలి. జోకు ఒక్కసారే పనిచేస్తుంది, తర్వాత నిలబెట్టాల్సింది ట్యూనే.

పేరడీల విషయంలో జాగ్రత్త. హిట్టు సినిమా పాట ట్యూనుకి మన మాటలు కట్టడం కాలేజీ ఫంక్షన్‌లో సరదా. ఆల్బమ్‌గా వేస్తే అది వేరే సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకి, సమీక్షకి కొంత వెసులుబాటు ఇస్తుంది కానీ పేరడీ అనే మాట ఎత్తదు. 2012లో చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం పాత పాటను కవర్ చేసుకోవచ్చు, అంటే మన గొంతుతో మళ్ళీ పాడి రికార్డు చేసుకోవచ్చు, అదీ మొదటి రికార్డు వచ్చి అయిదేళ్ళు దాటాక, రాయల్టీ ముందే కట్టి, మాటలూ ట్యూనూ మార్చకుండా. మాటలు మార్చడమే మన పని కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. రాసినవాళ్ళు, ట్యూను కట్టినవాళ్ళు పోయిన 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరే, లేదంటే ట్యూను సొంతంగా కట్టుకోండి. అమెరికాలో ‘వియర్డ్ ఆల్’ యాంకోవిక్ అని ఉన్నాడు, ఈ విద్యకి పెద్దన్న. చట్టం అక్కడ పేరడీకి ఇంతకంటే అనుకూలం, అయినా ఆయన అసలు కళాకారుల్ని అడిగే చేస్తాడు.

నవ్వించే మాట ఎక్కడ పెట్టాలి

నాకు బాగా తెలిసింది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడింది. రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను మీద జోకు వేసే మనసు ఎవరికీ లేదు, వేయలేదు కూడా. కానీ ఆ తర్వాత ఊళ్ళో ఇన్వర్టర్‌కి దక్కిన మర్యాద చూసి బావ ఒక ప్రేమ పాట రాశాడు. హెవీ మెటల్ గిటార్లు, గుండె పగిలే గొంతు, ప్రియురాలు ఇన్వర్టర్. మొదట ఇలా రాశాడు:

ఇన్వర్టరమ్మా, నువ్వు లేకుంటే
ఈ ఇల్లెట్టా గడిచేనమ్మా

మొదటి మాటకే గుట్టు బయటపడింది. ఇక మిగతా పాటంతా అయిపోయిన జోకుకి వివరణ. రెండు రాత్రులు కూర్చుని తిప్పి కట్టాం:

చీకటి పడితే చెయ్యి వదలవు
వాకిటి దాకా వెలుగు పరుస్తవు
మూలన నిలబడి మూలుగుతావు
నీళ్ళు తప్ప నోట పెట్టవు
నా ప్రాణం నిలిపే ముద్దులగుమ్మా...
ఇన్వర్టరమ్మా!

చీకటి, వాకిటి అని ప్రాస పడింది కాబట్టి వినేవాడు ఇది బుద్ధిగా రాసిన ప్రేమ పాటే అనుకుంటాడు. మూలుగు దగ్గర ఒకసారి అనుమానం వస్తుంది, నీళ్ళ దగ్గర ఇంకాస్త. చివరి మాటకి అంతా ఒక్కసారి తెలుస్తుంది. వెనక్కి వెళ్ళి చూస్తే ప్రతి లైనూ ఇన్వర్టర్‌కి సరిపోవాలి, ఒక్క లైను తప్పినా అది దొంగ జోకు.

తెలుగులో క్రియ చివర పడుతుంది కాబట్టి మామూలుగా రాసుకుంటూ పోతే నవ్వు మాట వాక్యం మధ్యలో ఇరుక్కుంటుంది, దాని మీద ‘చేస్తున్నాడు’, ‘పోతున్నాడు’ వచ్చి కూర్చుంటాయి. వాక్యాన్ని తిప్పండి. పేరును, సంబోధనను చివరికి తోయండి. పద్యం రాసినవాళ్ళు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు, మనకి కొత్తేమీ కాదు.

ఇక ఆ మాటకి ముందు మౌనం. ‘ముద్దులగుమ్మా’ అన్నాక బ్యాండ్ మొత్తం ఆగిపోతుంది, రెండు బీట్లు. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటంటే అర సెకను, అంటే సరిగ్గా ఒక సెకను నిశ్శబ్దం. ‘ఇన్వర్టరమ్మా’ అనే మాట ఆ ఖాళీలో ఒంటరిగా పడాలి. అది పూర్తయ్యాకే డ్రమ్ములు దిగాలి. మాట, దరువు ఒకేసారి పడితే మాట చచ్చిపోతుంది. రాక్ బ్యాండ్ వాళ్ళకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు, చేతులు ఊరుకోవు కదా.

రెండో చరణంలో మళ్ళీ దాపరికం ఆడొద్దు. గుట్టు తెలిసిపోయింది, ఇప్పుడు కథ పెంచాలి. మా పాటలో నాలుగేళ్ళకి ప్రియురాలికి నీరసం వస్తుంది, డాక్టరు వచ్చి ‘బ్యాటరీ మార్చాలి’ అంటాడు. అక్కడ కోరస్:

కొణ హెలా? కరెంటు గొలా!

ఏమైంది అంటే కరెంటు పోయింది అని ఒడియాలో జవాబు. మా ఊళ్ళో లైట్లు ఆరగానే వీధి వీధంతా అనుకునే మాటే ఇది. దీన్ని భాయితోనే పాడించాం. సరిహద్దు ఊళ్ళలో పక్క భాషను వంకర యాసలో పలికి నవ్వించడం చాలా తేలిక, చాలా చవక కూడా. ఆ భాష మాట్లాడేవాడే సొంత యాసలో, పూర్తి సీరియస్‌గా పాడితే రెండు వైపుల వాళ్ళూ నవ్వుతారు.

గది, కరెంటు

యాంకోవిక్ 1979లో తన మొదటి పేరడీల్లో ఒకదాన్ని కాలేజీ రేడియో స్టేషన్‌కి ఎదురుగా ఉన్న బాత్‌రూమ్‌లో రికార్డు చేశాడు. గదికి ఖరీదు అక్కర్లేదు, గుణం ఉంటే చాలు. మందపాటి గోడల పాత ఇల్లు దొరికితే అదృష్టం. రేకుల ఇల్లు వానాకాలంలో వద్దే వద్దు. ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి. ‘ట్రింగ్’మని తిరిగొస్తే గోడలకి బొంతలు వేలాడదీయండి, మూలల్లో పరుపులు నిలబెట్టండి. గొంతు రికార్డు చేయడానికి మా ఇంట్లో మంచి చోటు చీరల బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి నిలబడేది. మైకు గాయకుడి మొహం వైపు, అంటే చీరల వైపే చూస్తుంది కాబట్టి వెనక నుంచి ప్రతిధ్వని రాదు. అమ్మ ఒప్పుకుంటేనే.

ఫ్యాన్ ఆపాలి. బల్లి అరుపు, పక్కింటి మిక్సీ, గుణుపురం రైలు కూత ఇవన్నీ ఏ టైముకి వస్తాయో రెండు రోజులు రాసిపెట్టుకుని ఆ సందుల్లో పని పెట్టుకోండి.

ఇక హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే జుమ్మనే మోత సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో అదీ, దాని రెట్లు 100, 150 అన్నీ గిటారులోంచి జుమ్మంటాయి. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే ఒంటి తీగచుట్ట) ఉన్న గిటారైతే వాయించేవాణ్ణి కుర్చీతో సహా మెల్లగా తిప్పండి, ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది. అక్కడే కూర్చోబెట్టండి, వాస్తు అనుకున్నా సరే. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: చవక ఇన్వర్టర్లు ఇచ్చేది స్క్వేర్ వేవ్ అనే గతుకుల కరెంటు, దాని మీద గిటార్ యాంప్ పెడితే కందిరీగల గూడే. ఇన్వర్టర్ మీద పాటను ఇన్వర్టర్ మీద రికార్డు చేయలేం.

వాయిద్యాలు

రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటారునీ కంప్యూటర్‌కి కలిపే డబ్బా), స్టేజీ మీద వాడే రకం మంచి డైనమిక్ మైకు ఒకటి, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే డ్రమ్ములు తప్ప అన్నీ అయిపోతాయి. డ్రమ్ములకి మాత్రం మీ ఊరి మైక్‌సెట్ అతన్ని పట్టుకోండి. ఈ రోజుల్లో చాలామంది దగ్గర యూఎస్‌బీతో ఒక్కో చానెల్‌ని విడిగా రికార్డు చేసే డిజిటల్ మిక్సర్ ఉంటుంది. పెళ్ళిళ్ళు లేని మూఢంలో అడిగితే అద్దె కూడా తగ్గుతుంది, ఇది మా వాళ్ళు నన్ను తిట్టుకునే రహస్యం.

నాలుగు మైకులు చాలు: బేస్ డ్రమ్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైన రెండు. పై రెండు మైకులకీ స్నేర్ నుంచి దూరం సమానంగా ఉండాలి. కొలత టేపు వద్దు, ఒక తాడు తీసుకోండి. స్నేర్ మధ్యలో ఒక చివర అదిమి పట్టి, మొదటి మైకు దాకా లాగి ముడి వేయండి. అదే ముడి రెండో మైకుకి తగిలేలా స్టాండు జరపండి. అప్పుడు స్నేర్ చప్పుడు రెండింటికీ ఒకేసారి చేరుతుంది, దెబ్బ బలంగా ఉంటుంది. లేదంటే ఒకటి ముందు, ఒకటి వెనక చేరి ఒకదాన్నొకటి కోసుకుని డబ్బా మోగినట్టు వినిపిస్తుంది.

మా ఆల్బమ్‌లో ఒక పాటకి లీడ్ గిటార్ బదులు మహురి పెట్టాం. గంజాం వైపు ఊరేగింపుల్లో మోగే సన్నాయి జాతి వాయిద్యం అది. దాని గొట్టం ఎంత ఉంటే శృతి అంత, మన కోసం మారదు. అందుకని ముందు మహురి సా ఎక్కడుందో ఫోన్ ట్యూనర్‌లో చూసుకుని గిటార్లే దానికి శృతి చేసుకోవాలి. మైకును మహురి చివర గంటలా విచ్చుకున్న మూతికి ఎదురుగా పెట్టొద్దు, నాలుగడుగుల దూరంలో కాస్త పక్కకి పెట్టండి. వాయించే పెద్దాయనకి క్లిక్ ట్రాక్ (తాళం చెప్పే టిక్కుటిక్కు) హెడ్‌ఫోన్‌లో పెడితే చిరాకుపడతారు. డ్రమ్ములే వినిపించండి, ఊరేగింపు అనుకుని వాయించేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, వాయిద్యాలు నవ్వకూడదు. ‘బొయింగ్’ చప్పుళ్ళు, కార్టూన్ విజిళ్ళు, కావాలని తప్పు వాయించడం ఇవేవీ వద్దు. యాంకోవిక్ వెనక 1980 నుంచీ అదే డ్రమ్మర్ వాయిస్తున్నాడు, ఏ సీరియస్ బ్యాండ్‌కీ తీసిపోడు. 2014లో యాంకోవిక్ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. హాస్య ఆల్బమ్‌కి 1963 తర్వాత ఆ గౌరవం అదే మొదలు. అంత దూరం పోనక్కర్లేదు, మన బుర్రకథ చూడండి. కథకుడు తంబురా పట్టుకుని వీరావేశంతో కథ చెప్తుంటాడు, హాస్యపు వంత పక్కనుంచి వెక్కిరిస్తాడు. కథకుడు నవ్వాడా, కథ అక్కడితో సరి.

గొంతు

అసలు పని ఇది. గాయకుడు మైకుకి జానెడు దూరంలో, పాప్ ఫిల్టర్ వెనక. ఫిల్టర్ కొనకపోతే ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పల్చటి మేజోడు బిగించినా పనిచేస్తుంది. లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా, 24 బిట్‌లో రికార్డు చేయండి. అరుపు పాటలకి ఇంకా తగ్గించుకోండి.

పాట తెలియని ఒక మనిషిని గాయకుడి ఎదురుగా, నోరు మూసుకుని కూర్చోబెట్టండి. వింతగా అనిపిస్తుంది కానీ, ఎవరికో చెప్తున్నప్పుడు మాట నడక మారిపోతుంది. పదో టేకుకి గొంతు బాగుపడుతుంది, నవ్వు మాత్రం ఆరిపోతుంది. మొదటి రెండు మూడు టేకులు చచ్చినా చెరపొద్దు. గైడ్ కోసం, అంటే వాయిద్యాలవాళ్ళకి దారి చూపడానికి ముందుగా పాడింది కూడా మంచి మైకులోనే పాడించండి, మా ఇన్వర్టర్ పాటలో చివరికి నిలిచింది ఆ గైడ్ గొంతే.

రాక్ పేరు చెప్పి ద్విత్వాక్షరాలు మింగేస్తారు కుర్రాళ్ళు. ‘గుమ్మా’లో మకారం రెండుసార్లు వినపడాలి, లేకపోతే ‘గుమా’ అయి కూర్చుంటుంది. ‘నీళ్ళు’, ‘చెయ్యి’ కూడా అంతే. అచ్చు సాగదీయొచ్చు, హల్లును నలపొద్దు.

మిక్సింగ్

గొంతులో 80, 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, అక్కడ ఫ్యాన్లు, లారీలు తప్ప ఏమీ ఉండవు. మాట స్పష్టత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, డిస్టార్షన్ గిటార్లు కూడా సరిగ్గా అక్కడే తిష్ఠ వేస్తాయి. గొంతును పెంచుకుంటూ పోవద్దు, పాడే చోట గిటార్లలో ఆ భాగాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. గిటారిస్టు అలుగుతాడు. సోలోలో తిరిగి ఇచ్చేయండి, అలక తీరుతుంది.

రెవెర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) తక్కువ. నవ్వు మాట మీద అసలే వద్దు. కోరస్ గొంతుల్ని వంతల్లా కుడికీ ఎడమకీ సర్దండి, నడుమ కథకుడు ఒక్కడే ఉండాలి. స్పాటిఫై లాంటివి అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మోతను కొలిచే లెక్క) చుట్టుపక్కలకి తెచ్చి వినిపిస్తాయి, కాబట్టి పాటను పిండి పిప్పి చేసి గట్టిగా మోగించినందువల్ల లాభం లేదు. పైగా ఆ ఒక సెకను మౌనం, దాని చుట్టూ మోత తగ్గితేనే మౌనంలా అనిపిస్తుంది. ఫోన్ స్పీకరులో విని ప్రతి మాటా రాయగలిగితే మిక్స్ అయిపోయినట్టే.

వరస, విడుదల

పాటల మధ్య మాటల స్కిట్లు పెడితే వాటిని విడి ట్రాకులుగా వేయండి, రెండోసారి వినేవాడు దాటేసుకుంటాడు. స్కిట్‌ని పాట మొదట్లో అతికిస్తే పాటే దాటేస్తాడు. అన్నిటికంటే పెద్ద నవ్వు పాటను మొదట పెట్టొద్దు, మూడోది చేయండి. మొదటిది మంచి ట్యూను ఉన్నదై ఉండాలి. గట్టి నవ్వుతో ముగిసే పాట తర్వాత మామూలు కంటే ఒకటి రెండు సెకన్లు ఎక్కువ ఖాళీ వదలండి.

ప్రతి పాటకీ ఐఎస్‌ఆర్‌సీ అని అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే గుర్తింపు కోడ్ ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ ద్వారా వస్తుంది. రాసినవాళ్ళు, ట్యూను కట్టినవాళ్ళు రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌ సంఘంలో చేరితే రాయల్టీకి దారి ఉంటుంది. ఎవరు ఏ పాటలో ఎంత అన్నది పాటలు ఎక్కించకముందే కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. బావమరుదులైతే తప్పకుండా పెట్టండి. పాటల పేర్లు తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇవ్వండి. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ బడిలో ఒడియా చదివారు, తెలుగు అక్షరాల్లో వెతకరు.

స్పాటిఫైలో ప్లేలిస్టుల కోసం పాటను పంపాలంటే విడుదలకి కనీసం 7 రోజుల ముందు అది వాళ్ళ దగ్గర ఉండాలి, మీరు నెల ముందే ఎక్కించేయండి. తేదీ పెట్టేటప్పుడు పండగల క్యాలెండర్ చూసుకోండి. బరంపురంలో ఠాకురాణీ యాత్ర జరిగే రోజుల్లో విడుదల చేస్తే మీ బంధువులు కూడా వినరు.